గొంతు అరువు అడగడానికి తాండూరు దాకా

అనంతగిరి కొండలు చూడడానికి వికారాబాద్ వెళ్లేవాళ్లు చాలామంది. నేను ఆ కొండల్ని రైలు కిటికీలోంచి చూశాను, అదీ పక్క సీటాయన వేలు పెట్టి చూపిస్తే. ఆయన అక్కడి గాలి గురించి, ఔషధ మొక్కల గురించి చెబుతూనే ఉన్నాడు. నేను జేబులో ఫోను కదిలిందా లేదా అని చూసుకుంటూనే ఉన్నాను.

మాది మార్కాపురం. పలకల ఊరు. నేను, నా భార్య సరళ కలిసి అయిదేళ్లుగా 'రోజుకో కథ' అనే చిన్న వ్యాపారం నడుపుతున్నాం. కథ నేను రాస్తాను, ఆమె చదువుతుంది. సాయంత్రం చందాదారుల ఫోన్లకు పంపుతాం. చూపు తగ్గిన పెద్దవాళ్లు, దూరాలు పోయే లారీ డ్రైవర్లు, పలకల కార్ఖానాల్లో చేతులు ఖాళీ లేని ఆడవాళ్లు మా శ్రోతలు. దీన్ని వ్యాపారం అనడానికి మా బంధువులు ఒప్పుకోరు గానీ, మా ఇంటి అద్దె, బియ్యం దీని మీదే.

నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిగతా చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయం చెప్పింది. వ్యాపారం గురించి అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను, కొన్నింటిని రెండుసార్లు. వినేవాళ్లకు ఒకే గొంతు అలవాటు చేయాలి, ఆ గొంతే మన దుకాణం బోర్డు అని నేర్చుకున్నది అక్కడే. బోర్డుకు జబ్బు చేస్తే ఏం చేయాలో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

దసరాకు ముందు సరళ గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. ఒంగోలులో గొంతు డాక్టరు చూసి, లోపల బొడిపెలు లేచాయి, నెలన్నర మాట్లాడకూడదు, గుసగుస కూడా పనికిరాదు అన్నారు. గుసగుసలాడితే గొంతు ఇంకా ఎక్కువ కష్టపడుతుందట. తగ్గకపోతే ఆపరేషన్. ఆ తరువాత పాత గొంతే వస్తుందా అని అడిగితే ఆయన తల ఎత్తకుండా మందులు రాస్తూ ఉండిపోయారు.

శ్రోతలకు ఈ సంగతి చెప్పలేదు. ముందే చదివి దాచుకున్న కథలు రోజుకొకటి పంపుతూ వచ్చాం. అవి నెలాఖరుకు అయిపోతాయి. ఆ తరువాత పంపడానికి ఏమీ లేదు. నేనే ఒక కథ చదివి మా వదినకు వినిపిస్తే, కరెంటాఫీసులో ఫిర్యాదు చదువుతున్నట్టుంది అంది.

అలాంటి సమయంలో మా ఊరికి తాండూరు బండలు తెచ్చే లారీ డ్రైవరు, మా చందాదారే, తన ఫోనులో ఒక వీడియో పంపాడు. బండలు ఎక్కించే వీడియో. వెనక ఎక్కడో మైకు ఆటోలో ఒకావిడ కందిపప్పు దుకాణం గురించి చెబుతోంది. సరళ ఆ ముక్కను మళ్లీ మళ్లీ విని, పలక తీసుకుని 'ఈమె' అని రాసింది. దాని కింద, 'పప్పు అమ్ముతూ కూడా తొందరపడటం లేదు' అని రాసింది. మర్నాడే బయలుదేరాను. సరళను ఒంటరిగా వదిలి వెళ్లడం ఇష్టం లేదు. వెళ్లకపోవడానికి వీలూ లేదు.

వికారాబాద్

స్టేషన్ బయట సీతాఫలాలు గంపలతో అమ్ముతున్నారు. మా ఊళ్లో పండును అటూ ఇటూ తిప్పి, నొక్కి, లెక్కపెట్టి కొంటాం. నేను అలాగే ఏరబోతే అమ్మే ఆమె నా చేతి మీద మెల్లగా కొట్టింది.

"గంప మొత్తం తీస్కో అన్నా. ఒక్కటొక్కటి ఏరుకుంట కూసుంటె నాకు పొద్దు గూకుతది."

గంప రెండు వందలు. మెల్లగా ఒక్కొక్కటే పండుతాయని ఆమె, నమ్మిన వాణ్ణి నేను.

మధ్యాహ్నం ఒక మెస్సులో జొన్నరొట్టెలు తిన్నాను. ఎన్ని కావాలంటే మా ఇంటి చపాతీల లెక్కలో నాలుగు అన్నాను. వచ్చినవి ఒక్కొక్కటీ కంచమంత ఉన్నాయి. పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం, పక్కన ఉల్లిపాయ. రెండోదానికే చేతులెత్తేశాను. మిగిలినవి కాగితంలో చుట్టిచ్చి, రేపటికైనా పాడు కావని చెప్పారు.

తాండూరు రైలుకు టైముంది. ఏ ఊరు వెళ్లినా ముందు గ్రంథాలయం ఎక్కడని అడగడం నాకు అలవాటు. అక్కడ హాలు నిండా ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు. ఒక్కరూ తలెత్తలేదు. మా ఊళ్లో అయితే ఇదే వేళకు పెద్దవాళ్లు పేపరులో నడిమి పేజీ కోసం పోట్లాడుకుంటూ ఉంటారు. బీరువాల మధ్య తిరుగుతుంటే కాసేపు ప్రాణం కుదుటపడింది. అప్పుడే సరళ మెసేజి వచ్చింది. 'పాలాయన పిలిచాడు. పలకబోయాను. ఆపుకున్నాను.'

వరండాలోకి పరుగెత్తి ఫోన్ చేశాను. మేమొక పద్ధతి పెట్టుకున్నాం. నేను అడుగుతాను, ఆమె ఫోను మీద గోటితో కొడుతుంది. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు.

"శబ్దం బయటికొచ్చిందా? రాలేదా? నొప్పేమైనా ఉందా? నిజం చెప్పు. మంచినీళ్లు తాగావా?"

బెంచీ మీద పేపరు చదువుతున్న ఒక పెద్దాయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. అవతల ఎవరూ మాట్లాడటం లేదు కదా, ఎవరితో పంచాయితీ అన్నాడు. సంగతి చెప్పాను. ఆయన పేపరు మడిచి, అట్లాంటి డాక్టరు ఇటు పక్క ఎవరైనా ఉన్నారా, మా ఇంట్లో కూడా నెలన్నర రాయించుకోవాలి అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. అది చూసి ఆయన గొంతు తగ్గించాడు.

"తగ్గుతది. ఫికర్ చెయ్యకు. నువ్వు జర తిన్నవా లేదా?"

తిన్నానని చెప్పి, రెండు సీతాఫలాలు ఆయన చేతిలో పెట్టి స్టేషనుకు నడిచాను.

తాండూరు

వికారాబాద్ దాటాక పట్టాల పక్కన కంది చేలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. తాండూరు దగ్గరపడే కొద్దీ చేల స్థానంలో బండల వరసలు వచ్చాయి, నీలంవి, బూడిద రంగువి, పుస్తకాలు నిలబెట్టినట్టు. చెట్ల ఆకుల మీద కూడా రాతి పొడి. ప్లాట్‌ఫారం మీద తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే వాక్యంలో వినిపించాయి.

లారీ డ్రైవరు ఆనవాలు చెబితే నేను వెతుక్కుంటూ వెళ్లిన రికార్డింగు గది ఒక పప్పుల గోదాములో ఉంది. యజమాని బసవరాజు గారు అరవై దాటిన మనిషి. వాళ్లన్న కందిపప్పు వ్యాపారం చేస్తాడు, ఈయన అదే గోదాములో ఒక మూల గోడలకు ఖాళీ గోనెసంచులు వేలాడదీసి, మైకు పెట్టి, ఊరి ప్రచారాలన్నీ రికార్డు చేస్తాడు. గదిలో పప్పు వాసన. గోడవతల బండలు నునుపు చేసే కార్ఖానా. ఆ మోత నా పళ్లలోకి దిగింది.

ఇంత మోతలో రికార్డు ఎలా చేస్తారని అడిగాను, అడిగానో అరిచానో. ఆయన వేలు పైకి చూపించి ఆగమన్నాడు. చాయ్ తెప్పించాడు. చాయ్ సగంలో ఉండగా ఫ్యాను ఆగింది. గోడవతల యంత్రాలు ఒక్కొక్కటిగా నీరసించి ఊరుకున్నాయి. ఊరంతా విసుక్కునే ఆ క్షణంలో బసవరాజు గారు మాత్రం పండగలా లేచాడు.

"పోయింది. రా బిడ్డా, జల్ది."

ఆయన గది బ్యాటరీ మీద నడుస్తుంది. కరెంటు పోతే కార్ఖానా ఆగుతుంది, కార్ఖానా ఆగితే ఈయన పని మొదలవుతుంది. కరెంటు కోతలు తగ్గినప్పటి నుంచి తనకు ఇబ్బందిగా ఉందని, ఈ మాట బయట అనకని నాతో అన్నాడు.

బిడ్డా అని పిలిపించుకున్నామె కరుణ. ముప్పయి అయిదేళ్లుంటాయి. బొంరాస్‌పేట దగ్గర పల్లె. చర్చిలో వాక్యం చదివి చదివి గొంతు తేలిందట. ఆమె భర్త యేసుదాసే మైకు ఆటో నడుపుతాడు. నన్ను స్టేషను దగ్గర ఎక్కించుకున్నదీ ఆయనే.

"ఇంట్ల గదే గొంతు, ఆటోల గదే గొంతు. నేను యాడికి పోవాలె సారూ?" అన్నాడు, ఆమె వినేట్టుగానే.

నేను తెచ్చిన కథ ఒకటి ఆమెకిచ్చాను. ఒకసారి కళ్లతో చూసుకుని చదివింది. నేను కామా పెట్టనిచోట ఆగింది. ఆగినచోటల్లా కథ ఇంకాస్త లోతైంది. సరళకు ఈమె ఎందుకు నచ్చిందో అర్థమైంది. అర్థమైనందుకు కొంచెం భయం కూడా వేసింది. కథ చివరి పేరాలో ఉండగా కరెంటు వచ్చింది. యంత్రాలు మూలుగు మొదలుపెట్టాయి. ఆమె నోరు మూసుకుని చేతులు కట్టుకుని కూర్చుంది, వాన ఆగేదాకా చూరు కింద నిలబడ్డట్టు.

ఆ మోతలోనే బసవరాజు గారు తన వ్యాపారం గురించి చెప్పాడు. దుకాణాలు రోజు లెక్కన డబ్బిస్తాయి. ఒకే సరుకు అమ్మే ఇద్దరివి ఒకే వారంలో తీసుకోడు. ఎవరైనా చనిపోతే ఆ కబురు ఉచితంగా తిప్పుతాడు. ఎందుకలా అంటే, "సావుకు పైసలు తీస్కుంటె పెండ్లికి ఎవడొస్తడు తమ్మీ?" అన్నాడు. నేను గ్రంథాలయంలో చదివిన చాలా అధ్యాయాలు ఆ ఒక్క మాటలో ఉన్నాయనిపించింది. కానీ ఆయనకు తెలియనిదీ ఒకటుంది. పాత రికార్డులు దాచడు, మర్నాటికి చెరిపేస్తాడు. మేం అయిదేళ్ల కథలు ఒక్కటి పోకుండా దాచామని, కావాల్సిన మాట ఎక్కడుందో నేను వెతికి తీయగలనని చెబితే, ముచ్చటపడి విన్నాడు.

మళ్లీ కరెంటు పోయినప్పుడు అసలు విషయం అడిగాను. సరళ గొంతు తేరుకునేదాకా కరుణ మా కథలు చదవాలి. ఒక్కో కథకు ఇంత అని చెప్పాను. బేరం లేకుండా ఒప్పుకుంది. కానీ ఒక మాట అంది.

"సరళక్క నా పేరు చెప్పాలె అన్నా. ఆమె నోటితోని."

ఆమె మాట్లాడకూడదు కదమ్మా, అందుకే కదా వచ్చాను అన్నాను. కరుణ తల దించుకుంది గానీ మాట మార్చలేదు. అప్పుడు బసవరాజు గారు అంజమ్మ సంగతి చెప్పాడు.

కరుణకు ముందు అంజమ్మ ఈ ఊరి గొంతు. ఏళ్ల తరబడి ఆమే. కూతురి కాన్పుకని గుల్బర్గా వెళ్లింది. బసవరాజు గారు ఎవరికీ చెప్పకుండా వాడకట్టులో ఒక పిల్లను మైకు ముందు కూర్చోబెట్టాడు. రెండో రోజుకల్లా ఊరు అంజమ్మ పోయిందని తేల్చేసింది. బతికుండగా అంజమ్మ మైకు ఇంకొకరికి ఇస్తుందా అని వాళ్ల వాదన. పప్పుల బజారులో షట్టర్లు దించారు. ఎవరో ఆటో మైకుకు పూలదండ కట్టారు. గుల్బర్గా రైలు దిగిన అంజమ్మను చూసి స్టేషను చాయ్ ఆయన చేతిలో గ్లాసు వదిలేశాడు.

బసవరాజు గారు చెప్పి కడుపు పట్టుకుని నవ్వాడు. యేసుదాసూ నవ్వాడు. కరుణ నవ్వలేదు.

"గా పిల్లను అందరు తిట్టిన్రు అన్నా, అంజమ్మను మింగినవని. మళ్ల మైకు దిక్కు రాలే."

అప్పటి నుంచి తాండూరులో ఇదొక ఆచారమైంది. గొంతు మారితే, పాత గొంతు వచ్చి కొత్త గొంతు పేరు చెప్పాలి. ఆ రోజు ఆటోలో ఇంకే ప్రచారమూ ఉండదు, ఆ ఒక్క మాటే ఊరంతా తిరుగుతుంది. కరుణ పేరు అంజమ్మే చెప్పింది. అలా చెప్పించుకోకుండా మరొకరి చోట కూర్చోవడానికి ఆమెకు ధైర్యం లేదు. మార్కాపురంలో తనను ఎవరూ ఎరగరు కదా అంటే, ఎరగరు కాబట్టే అంది.

కొడంగల్ మీదుగా

మర్నాడు లాడ్జి గదిలో లేచేసరికి సీతాఫలాలన్నీ ఒక్కసారే పండిపోయి, కొన్ని పగిలి, గదంతా తియ్యటి వాసన. ఆ వాసనలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. రాత్రే నాకొక ఉపాయం తట్టింది. సరళ మాట్లాడనక్కరలేదు. అయిదేళ్లుగా మాట్లాడింది చాలు.

'రేపటి నుంచి' అనే ముక్క ఒక మంగలి కథలో దొరికింది. 'మీకు కథ' రోజూ మొదట్లో చెప్పేదే. 'చదువుతుంది' ఒక బడిపిల్ల కథలోది. 'కరుణ' కోసమే చాలా వెతకాల్సి వచ్చింది. చివరికి జాతరలో తప్పిపోయిన కూతుర్ని తల్లి పిలిచే కథలో ఆ పేరు దొరికింది. నాలుగు ముక్కలూ అతికి, మధ్య ఖాళీలు సరిచేసి వింటే, సరళ గొంతు చెబుతోంది: 'రేపటి నుంచి కరుణ మీకు కథ చదువుతుంది.' నా చదువు నాకు పనికొచ్చిందని పొంగిపోయాను.

ఆదివారం కాబట్టి కరుణ తన పల్లెలోనే ఉంటుంది. మిగిలిన పండ్లు సంచిలో వేసుకుని కొడంగల్ బస్సెక్కాను. పక్కన కూర్చున్నామె నా సంచి వైపు చూసి, గంప మొత్తం అంటగట్టారా అని జాలిపడింది. కొడంగల్‌లో బస్సు మారాలి. చిన్న బజారు, మిర్చి బజ్జీల బండి, ప్లేటు ఇరవై. కంగారులో బొంరాస్‌పేట బస్సనుకుని తిరిగి తాండూరు వెళ్లే బస్సులోనే కూర్చున్నాను. ఇందాక నన్ను దింపిన కండక్టరే టికెట్టు కొట్టబోతూ, వచ్చిన ఊరికే మళ్లీ ఎందుకు పోతున్నావని అడిగితే దిగాను.

నేను వెళ్లేసరికి వాళ్లు ప్రార్థన నుంచి అప్పుడే వచ్చారు. తిననిదే మాట వద్దన్నారు. జొన్నరొట్టె, కోడికూర, చింతపండు వేసిన కందిపప్పు. మా వైపు పప్పులో టమాటానో దోసకాయో వేస్తే గానీ తోచదు. ఇక్కడ పప్పుకు పప్పే రుచి. సీతాఫలాలు వాకిట్లో పెడితే వాడకట్టు పిల్లలు నిమిషంలో తేల్చేశారు.

చేతులు కడుక్కుని నా వాక్యం వినిపించాను. యేసుదాసు భలే అన్నాడు. కరుణ ఇంకోసారి పెట్టమంది. మూడోసారి తనే చేయి చాచి ఫోను తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

"గొంతు ఆమెదే," అంది. "నా పేరు కాడికొచ్చెవరకు ఏడ్సినట్టున్నదేంది?"

తల్లి పిలుపు సంగతి చెప్పాను. ఎక్కడెక్కడి మాటలు ఎలా అతికానో కూడా, గొప్పగానే చెప్పాను. ఆమె ఫోను నా చేతికి తిరిగి ఇచ్చింది.

"నన్ను పిలిచింది ఆమెనా, నువ్వా అన్నా?"

నేను ఫోను జేబులో పెట్టుకున్నాను. యేసుదాసు ఏదో సర్దిచెప్పబోతే ఆమె చూపుతోనే ఆపింది. తరువాత మెత్తగా అంది, కాదనడం లేదట. ఇంటికి వెళ్లి ఇది సరళక్కకు వినిపించు, ఆమె సరేనంటే నాకూ సరే.

అదే నేను భయపడ్డది. సరళకు వినిపిస్తే ఏం చేస్తుందో నాకు తెలుసు. తిరుగు బస్సులో, రైల్లో ఆ వాక్యాన్ని చెరిపేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. చెరిపేస్తే నెలాఖరు తరువాత ఏముంది?

మార్కాపురం

సరళ చెవికి ఫోను పెట్టుకుని ఒకసారి విన్నది. రెండోసారి కళ్లు మూసుకుని విన్నది. పలక మీద రాసింది: 'ఇది బిడ్డ తప్పిపోయినప్పటి ఏడుపు. ఆవిడ పేరుకు పెట్టావేం?' అంజమ్మ సంగతి చెబుతుంటే ఆమె భుజాలు కదిలాయి. నవ్వు కూడా శబ్దం లేకుండా నవ్వడం నేర్చుకుంది. ఆ పిల్లను తిట్టారన్నప్పుడు మాత్రం ఆగిపోయింది.

మరో రెండు రోజుల్లో ఒంగోలులో మళ్లీ చూపించుకోవాల్సి ఉంది. డాక్టరు చూసి, కొంచెం తగ్గినట్టుంది, ఇప్పుడే ఏమీ చెప్పలేను, మౌనం కొనసాగించండి అన్నారు. సరళ పలక ముందుకు తోసింది. 'ఒక్క వాక్యం?' అని ఉంది దాని మీద. ఆయన నా వైపు చూశారు. నేను వద్దన్నట్టు తల ఊపాను. ఆయన ఆమె వైపు చూశారు. గుసగుసగా కాదు, అరిచీ కాదు, నిండుగా ఊపిరి తీసుకుని మామూలుగా, ఒక్కటే అన్నారు.

ఆ ఒక్కదాని కోసం మేం రెండు రోజులు పోట్లాడుకున్నాం, నేను నోటితో, ఆమె పలకతో. గొంతు జబ్బు మాట ఎత్తొద్దని నేను. ఎత్తితే, ఇక సరళ రాదని సగంమంది చందా మానేస్తారు, అప్పుడు కరుణ చదివినా వినేవాళ్లు ఉండరు. నేను రాసిచ్చినవన్నీ ఆమె కొట్టేసింది. చివరికి కార్ఖానాల మోత ఆగే భోజనాల వేళ మైకు ముందు కూర్చుంది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. నా చెవుల్లో ఆమె ఊపిరి వినబడింది, చాలా రోజుల తరువాత.

"నా గొంతుకు జబ్బు చేసింది, నేను పిలిచిన కరుణ మీకు కథ చదువుతుంది వినండి."

అది నేనెరిగిన గొంతు కాదు. గులకరాళ్ల మీద చెప్పు ఈడ్చినట్టుంది. కరుణ అనే పేరు దగ్గర చీలింది. ఆ చీలికను సరిచేయడానికి నా చేయి దానంతటదే మౌసు మీదికి పోయింది. సరళ తన చేయి దాని మీద పెట్టింది. ఆ సాయంత్రం ఆ వాక్యం ఒక్కటే పంపాం.

కొందరు మానేశారు. ఇంకా ఎందరు మానేస్తారో తెలియదు. మిగతావాళ్లు ఫోన్లు చేశారు, మిరియాలు, తేనె, అతిమధురం, ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ఒక పలకల కార్ఖానా ఆవిడ ఇంటికే వచ్చి, తనొక్కతే మాట్లాడి, సరళ చేయి కాసేపు పట్టుకుని వెళ్లిపోయింది. పై నెల మళ్లీ చూపించుకున్నప్పుడు డాక్టరు ఏమంటారో తెలియదు.

కరుణ మొదటి కథ నెలాఖరు రోజున వచ్చింది. ఇద్దరం కూర్చుని విన్నాం. ఒకచోట 'అలా' అని నేను రాసినదాన్ని ఆమె 'గట్ల' అని చదివింది. మళ్లీ చదివించాలా అన్నట్టు చూస్తే సరళ వద్దని చేయి ఊపింది. కథ నడుస్తుండగా సరళ పెదవులు కదలడం మొదలుపెట్టాయి. ప్రతి మాటకూ, కరుణతో పాటే. నేను పలకబోయి ఆగాను. ఆమె నోటి నుంచి శబ్దం రాలేదు. అయినా కథ అయ్యేదాకా నేను కథ వినలేదు, ఆమె గొంతు వైపే చూస్తూ కూర్చున్నాను.